సొరుగులో రిపోర్టు

ఫిబ్రవరి 3

మరదలు పిల్లకు,

ఉత్తరం ఇంటికి కాకుండా నువ్వు పనిచేసే మందుల షాపుకి ఎందుకొచ్చిందా అని ముక్కున వేలేసుకోకు. ఇంటికి రాస్తే మా తమ్ముడు "అక్క ఏం రాసింది, చదివి పెట్టు" అంటాడు, నువ్వు చదవక తప్పదు. ఫోన్ చేద్దామంటే వాడి చెవుల సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. మూడు గదుల అవతల రిసీవర్‌లో గొణిగినా పొల్లుపోకుండా వినేస్తాడు. ఈ సంగతి వాడికి తెలియకూడదు, మనిద్దరి మధ్యే ఉండాలి.

సూటిగా చెప్పేస్తాను. స్కేలు మాస్టారు దొరికాడు.

ఆయనెవరో నీకు వేరే చెప్పాలా? మీ ఆయన్ని నాలుగో తరగతిలోనే బడి మాన్పించిన మహానుభావుడు. మంగళవారం పదకొండు గంటలకు నా గదిలోకి నడిచొచ్చాడు. అదే తెల్ల చొక్కా, జేబులో అదే రకం పెన్ను, జుట్టు మాత్రం పూర్తిగా పోయింది. తొమ్మిదేళ్ళ మనవరాల్ని పరీక్షకు తీసుకొచ్చాడు. నన్ను పోల్చుకోలేదు. ముప్ఫై నాలుగేళ్ళయింది, నాకు కళ్ళజోడొచ్చింది, ఒళ్ళొచ్చింది. నేను మాత్రం ఆ గొంతు వినగానే గుర్తుపట్టాను, అరచేతులు బల్ల కింద దాచుకున్నాను.

నా గది నువ్వు ఒకసారి చూశావు. పొట్టి బల్ల, రెండు పొట్టి కుర్చీలు, బొమ్మల కార్డుల పెట్టె, గోడమీద గడియారం తప్ప ఏమీ ఉండదు, పిల్లల చూపు చెదరకూడదని. విజువల్ ప్రాసెసింగ్ అని మేం పెద్ద పేరు పెట్టుకున్నాం గానీ, తల్లులకు నేను చెప్పేది ఒక్కటే. కన్ను బాగానే చూస్తుంది, చూసినదాన్ని లోపల సర్దుకోవడంలో తేడా వస్తుంది. అలాంటి పిల్ల బోర్డు మీది వాక్యాన్ని పుస్తకంలోకి ఎక్కించేలోపు రెండు మాటలు మింగేస్తుంది, వరస తప్పి కింది లైన్లోకి జారిపోతుంది. చూసేవాళ్ళకి అది బద్ధకంలా కనిపిస్తుంది.

మాస్టారూ అదే అన్నాడు. "ఏం లేదమ్మా, ఒట్టి బద్ధకం. మా కోడలు వినదు. రెండు తగిలిస్తే అన్నీ అవే సర్దుకుంటాయి." పిల్ల ఆ మాట వింటూ కుర్చీ అంచు గోకుతోంది.

పిల్లకి ఒక ఆకారం అయిదు సెకన్లు చూపించి మూసేసి, నాలుగింటిలో అదేదో పట్టుకోమన్నాను. పదిసార్లలో ఏడుసార్లు తప్పింది. గీతల గందరగోళంలో దాగిన బొమ్మను వేలితో తడిమి వెతికింది. చూసి గీయమంటే పెట్టె మూలలు కలవలేదు. నోటితో అడిగినవన్నీ మాత్రం గడగడా చెప్పేసింది. నాకు నా పక్కన తమ్ముడు కూర్చున్నట్టే ఉంది.

సగం పరీక్ష అయింది. మిగతాది పదో తారీకున. బడివాళ్ళు ఇరవయ్యో తారీకులోపు నా రిపోర్టు అడిగారు. అందితే పిల్లకు పరీక్షల్లో ఎక్కువ టైము, బోర్డు పాఠం కాగితం మీద రాసివ్వడం. అందకపోతే మూడో తరగతికి దింపి చిన్నపిల్లల మధ్య కూర్చోబెడతారు. అంటే స్కేలు మాస్టారి మనవరాలి పరువు ఇప్పుడు నా పెన్ను మొనన ఉంది.

ఏడో తరగతిదాకా ఉన్న బడికి అయిదే గదులు, మా రెండు తరగతులకు ఒకే గది. నేను అయిదు, వాడు నాలుగు. ఆ రోజు మాస్టారు వాడి కాపీ పుస్తకం మెడలో వేలాడదీసి, అయిదు గదులూ తిప్పి, ప్రతి గదిలో "నాకు కళ్ళున్నాయి, చూపు లేదు" అని వాడి చేతే చెప్పించాడు. మర్నాడు వాడు బడికి రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

ఏం చేద్దామో నువ్వు చెప్పు. ఈ సందర్భం మళ్ళీ రాదు.

మీ వదిన

ఫిబ్రవరి 6

వదినకు,

మీ ఉత్తరం చదువుతూ దగ్గుమందు అడిగినాయనకి కడుపునొప్పి మాత్రలు ఇవ్వబోయాను. ఓనరు కసిరాడు. కసరనీండి, ఈ రోజు నన్నెవరు తిట్టినా నాకు ఎక్కదు.

దేవుడున్నాడు వదినా. కాస్త నింపాదిగా పనిచేస్తాడు, అంతే.

మీకు తెలియని సంగతులు కొన్ని రాస్తాను, కసి చల్లారకుండా ఉంటుంది. పెళ్ళికి ముందు ఆయన మా షాపుకొచ్చి మందు డబ్బా మీద ఏం రాసుందో చదివి పెట్టమనేవారు. "అద్దాలు మర్చిపోయానండీ" అనేవారు. పాపం మతిమరుపు మనిషి అనుకుని జాలిపడ్డాను, ఆ జాలే పెళ్ళిదాకా తెచ్చింది. పెళ్ళయ్యాక తెలిసింది, ఆయనకు అద్దాలే లేవని. కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్తే ఆఖరి వరస చిన్న అక్షరాలు కూడా ఒక్కొక్కటీ చెప్పారు. ఒక్కటిగా ఉంటే చెబుతారు, పదీ కలిస్తే పారిపోతాయి.

పంపుల వర్క్‌షాపులో ఆయన్ని మించినవాడు లేడు. ఇనపచువ్వ ఒక కొన పంపు మీద, ఇంకో కొన చెవిలో పెట్టుకుని, "బేరింగు పోయింది, ఎడమవైపుది" అంటారు. విప్పి చూస్తే అదే. అలాంటి మనిషి బ్యాంకు కాగితం వస్తే పెరట్లోకి వెళ్ళిపోతారు. మా పాపకు బొమ్మల కథలు తనే చెప్పేవారు, బొమ్మలు చూసి సొంతంగా అల్లి. అది రెండో తరగతికొచ్చాక ఒకరోజు "నాన్నా, ఇందులో అలా లేదు" అంది. అంతే, మళ్ళీ పుస్తకం ముట్టలేదు. దాని బడిలో తల్లిదండ్రుల మీటింగుకు ఒక్కసారైనా రాలేదు. గుమ్మం దాకా వచ్చి బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోతారు.

ఇదంతా ఆ ముసలాయన చలవే. నాకు ఆయన కాళ్ళు పట్టుకోవడాలూ ఏడవడాలూ అక్కర్లేదు. ఒక్క కాగితం కావాలి. "ఫలానా పిల్లవాడికి నేను ఇలా చేశాను, అది నా తప్పు" అని, ఆయన ముత్యాల్లాంటి చేతిరాతతోనే రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. దాన్ని నేను మీ తమ్ముడికి చదివి వినిపించాలి. అది వచ్చేదాకా మనవరాలి రిపోర్టు మీ సొరుగులోంచి కదలకూడదు. ఇరవయ్యో తారీకు అని గడువు పెట్టింది వాళ్ళే కదా, మన పని సులువు చేశారు.

జాలిపడి చెడగొట్టకండి. పిల్లలంటే మీ మనసు మెత్తన.

మీ మరదలు

ఫిబ్రవరి 11

నా కసుగాయ మరదలికి,

నిన్న జరిగింది వింటే నువ్వు షాపులో గంతులేస్తావు. కూర్చుని చదువు.

పిల్ల పరీక్ష పూర్తయింది. మాటల్లో పన్నెండేళ్ళ తెలివి, చూసి గుర్తుపెట్టుకోవడంలో ఆరేళ్ళ పిల్ల. సందేహానికి తావులేదు. సాయంత్రమే రిపోర్టు రాసేశాను, సంతకం కూడా అయింది. సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఇక అసలు సంగతి. నా దగ్గర ఒక అద్దం పెట్టె ఉంది. కాగితం మీద రెండు గీతల నక్షత్రం ఉంటుంది. చెయ్యి పెట్టె లోపల పెట్టి, చేతిని చూడకుండా, ఎదురుగా ఉన్న అద్దంలో మాత్రమే చూస్తూ ఆ రెండు గీతల మధ్య పెన్సిల్ నడిపించాలి. ఎంతటివాడికైనా చెయ్యి ముందుకి అంటే వెనక్కి పోతుంది. పిల్లల అవస్థ పెద్దవాళ్ళకి తెలియడానికి పెట్టుకున్నాం. మామూలుగా ఒక నిమిషం చేయించి నవ్వుకుని వదిలేస్తాం. మాస్టార్ని పావుగంట వదల్లేదు.

కోడలు పక్కనే ఉంది. పిల్లా ఉంది.

"ఇదేం ఆటమ్మా నాకు?" అన్నాడు.

"రిపోర్టుకి అవసరం మాస్టారూ. మీ చేతిరాత గొప్పదని విన్నాను" అన్నాను.

పొంగిపోయి కుర్చీ లాక్కున్నాడు. మొదటి మూల దగ్గరే పెన్సిల్ ఆగిపోయింది. కిందికి లాగుతుంటే పైకి పోతోంది. గీత దాటాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ దాటాడు. గుండు మీద చెమట పోసింది. "అద్దంలో లోపముంది" అన్నాడు. నేను ఆయన బల్ల చుట్టూ తిరుగుతూ, చెక్క స్కేలు అరచేతిలో తట్టుకుంటూ, ఆయన మాటలే ఆయనకు ఒక్కొక్కటీ అప్పజెప్పాను. "చిన్నపిల్లలు కూడా గీస్తారే! కళ్ళు ఇంటిదగ్గర పెట్టి వచ్చారా? మిగతావాళ్ళకి రాగా లేనిది మీకెందుకు రాదు?"

కోడలు తెల్లబోయి చూస్తోంది. మామగారిని అలా ఎవరూ అనగా ఆవిడ విని ఉండదు. పిల్ల మాత్రం లేచి వెళ్ళి పెట్టె కదలకుండా పట్టుకుని, "తొందరపడకు తాతయ్యా, తొందరపడితే ఇంకా పోతుంది" అంది. ఆ మాటకి ఆయన పెన్సిల్ నొక్కి పట్టి మొన విరిచేశాడు.

అప్పుడు అడిగాను. "మీ సర్వీసులో ఇలాంటి పిల్లలు తగిలి ఉంటారు. వాళ్ళని ఏం చేశారో మీ చేత్తో రాసివ్వండి. ఫైలుకి కావాలి. అదొచ్చాక రిపోర్టు ఇస్తాను."

"నా చేతికింద అలాంటివాళ్ళు ఒక్కరూ లేరు" అని పిల్ల రెక్క పట్టుకుని వెళ్ళిపోయాడు.

రాస్తాడు. రాయక ఎక్కడికి పోతాడు? చాలా ఏళ్ళ తర్వాత నిన్న కడుపునిండా తిన్నాను.

మీ వదిన

ఫిబ్రవరి 14

వదినకు,

గంతులేశాను, నిజమే. మళ్ళీ చదివాక కూలబడ్డాను.

మీరెవరో చెప్పలేదా? ఎందుకు చెప్పలేదు? ఆయన ఇప్పుడు ఇంట్లో కూర్చుని, ఎవరో పొగరుబోతు ఆవిడ తనని అవమానించిందని అనుకుంటూ ఉంటాడు. దేనికి అవమానించారో తెలియకపోతే అది శిక్ష ఎలా అవుతుంది? "నేను ఫలానావాడి అక్కని" అన్న ముక్క ఆ గదిలో అనాల్సింది. పావుగంట ఆయన చుట్టూ తిరిగారు, ఆ ఒక్క ముక్క మీ నోట రాలేదు.

ఒకటి అడుగుతాను, కోప్పడకండి. మీకింకా ఆ స్కేలంటే భయమా?

రిపోర్టు మాత్రం కదపకండి. చివరి రోజుదాకా బిగపట్టండి. తనే మీ గుమ్మంలోకి వస్తాడు. అప్పుడైనా చెప్పండి.

మీ తమ్ముడు "ఏంటి, ఈ మధ్య కూనిరాగాలు తీస్తున్నావ్" అని అడుగుతున్నారు. ఓనరు జీతం పెంచుతానన్నాడని చెప్పాను. నోటికొచ్చింది చెప్పేశాను, ఇక ఆ అబద్ధానికి తోడు ఇంకెన్ని ఆడాలో.

మీ మరదలు

ఫిబ్రవరి 17

మరదలికి,

భయమా? నాకా? ఆయన చెమట తుడుచుకుంటుంటే చూసినదాన్ని నేను, నువ్వు కాదు. నేనెవరో చెప్పకపోవడానికి నా కారణాలు నాకున్నాయి. కౌంటరు వెనక నిలబడి సలహాలివ్వడం తేలిక.

ఇంతకీ ఆయన రాలేదు, కాగితమూ రాలేదు. కోడలు రెండుసార్లు ఫోన్ చేసింది. ఒకసారి లెక్కలు సరిచూస్తున్నామన్నాను, ఇంకోసారి పైవాళ్ళ సంతకం పడాలన్నాను. రెండూ అబద్ధాలే. రెండోసారి ఆవిడ, "అక్కా, మామయ్య ఏమైనా తప్పుగా మాట్లాడి ఉంటే నేను క్షమాపణ చెబుతాను, పిల్లకి ఏమీ చెయ్యకండి" అంది.

పొద్దున ఇంకో పిల్లవాణ్ణి పరీక్షిస్తూ కార్డు తలకిందులుగా పెట్టాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు.

ఇక మూడు రోజులే ఉంది. రిపోర్టు ఇచ్చేయనా, వద్దా? నువ్వే తేల్చి చెప్పు. ఈ ఉత్తరానికి జవాబు చూసి చేస్తాను.

మీ వదిన

ఫిబ్రవరి 21

వదినగారికి,

నిన్న నాలుగున్నరకు ఫోన్లో "ఆ పాప కాగితం ఇప్పుడే ఇచ్చెయ్యండి" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాను. మీరు అటునుంచి ఏదో అడుగుతున్నారు, వినదలచుకోలేదు. పక్కన మీ తమ్ముడు నిలబడి ఉన్నారు. ఇప్పుడు రాస్తున్నది కూడా ఆయనకు తెలిసే రాస్తున్నాను.

మీ ఉత్తరం నిన్న వచ్చింది. మూడు రోజుల గడువున్న ప్రశ్నని పోస్టులో వేసి జవాబు కోసం కూర్చున్న తెలివి మనిద్దరికే ఉండాలి. అది వచ్చిన సమయానికి నేను వెనక స్టోర్లో ఉన్నాను. ఆయన నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. ఓనరు మంచి చెయ్యబోయి "మీ అక్కగారు మా షాపుకే ఉత్తరాలు రాస్తారండీ, ఇది మూడోది" అని ఆయన చేతికిచ్చాడు. నేను బయటికొచ్చేసరికి కవరు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"చదువు" అన్నారు. చదివాను. "మిగతావి కూడా" అన్నారు. మాత్రల పెట్టెల వెనకనుంచి తీసి అన్నీ చదివాను. నేను రాసినవాటిలో ఏముందో కూడా చెప్పించుకున్నారు. ఆయన కోప్పడతారనుకున్నాను, లేదా ఏడుస్తారనుకున్నాను. మెడలో పుస్తకం వేలాడదీసిన చోటుకి వచ్చేసరికి ఆపమన్నారు.

"మాస్టారు కాదు" అన్నారు.

"మరి?"

"మాస్టారు కుర్చీలోంచి లేవనేలేదు. 'లీడరూ, వీడి పని చూడు' అన్నాడు. క్లాసు లీడరు అక్కే. పుస్తకానికి కంపాసు ముల్లుతో బెజ్జం పెట్టింది అక్క. దారం ఎక్కించి నా మెడలో ముడేసింది అక్క. చెయ్యి పట్టుకుని అయిదు గదులూ తిప్పింది అక్క. ఆఖరిది ఒకటో తరగతి పిల్లల గది. నా గొంతు రాలేదు. గట్టిగా చెప్పమని గిల్లింది."

షాపులో మనుషులున్నారని కూడా చూడలేదు. "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అంటే, "మాస్టారి స్కేలు దెబ్బ మర్నాటికి తగ్గిపోయింది. అక్కతో కలిసి బడికెళ్ళడం నావల్ల కాలేదు, అందుకే మానేశాను. అది ఎవరికి చెప్పను? అమ్మకి చెబితే అక్కని కొడుతుంది" అన్నారు. తర్వాత "ముందు ఆ పాప కాగితం ఇచ్చెయ్యమను" అన్నారు.

మీరు నాకు రాసిన మొదటి ఉత్తరం ఇప్పుడు నా ముందుంది. "మాస్టారు మెడలో వేలాడదీసి" అని రాశారు. "మాస్టారు తిప్పి" అని రాశారు. పదహారేళ్ళుగా మీరు చెప్పిన కథే నమ్మి ఒక ముసలాయన్ని పళ్ళు కొరుక్కుంటూ తిట్టుకున్నాను. నా కసి అంతా మీరు మీ అవసరానికి వాడుకున్నారు. "నేనెవరో చెప్పకపోవడానికి నా కారణాలు నాకున్నాయి" అన్నారు. అవేంటో ఇప్పుడు తెలిసింది. మీరు ఎవరో చెబితే, మాస్టారు మీరు ఏం చేశారో చెబుతాడు.

నాకు కాగితం ఇంకా కావాలి. మాస్టారిది అక్కర్లేదు. మీది కావాలి. మీ చేతిరాతతో, సంతకంతో.

మీ తమ్ముడి భార్య

ఫిబ్రవరి 25

మరదలికి,

నువ్వు ఫోన్ పెట్టేసిన నిమిషమే బయలుదేరాను. ఆటో దొరక్క సగం దూరం పరుగెత్తాను. బడికి చేరేసరికి ఆఫీసు గదికి తాళం వేసి ఉంది. గేటు దగ్గర మనిషి "రేపు రండి" అన్నాడు. మర్నాడు పొద్దున్నే రిపోర్టు ఇచ్చాను. గడువు దాటింది గనక హెడ్మాస్టరు చూసి చెప్పేదాకా ఆగాలన్నారు. పిల్లను అప్పటికే మూడో తరగతిలో కూర్చోబెట్టారు. రెండు రోజులు కూర్చుంది. మూడో రోజు తిరిగి పంపించారు. ఆ రెండు రోజులూ నా లెక్కలోవే.

రిపోర్టు ఇన్నాళ్ళూ నా సొరుగులోనే ఉందని కోడలికి ఫోన్లో ఒప్పుకుని, నిన్న ఒక కాపీ తీసుకుని మాస్టారింటికి వెళ్ళాను. నువ్వు ముందే ఊహించావు, నేనెవరో చెప్పడానికి నాకు నోరు రాక ఇన్నాళ్ళూ ఆగాను. ఈసారి గుమ్మంలోనే చెప్పేశాను. "మీ దగ్గర అయిదో తరగతి చదివాను, క్లాసు లీడర్ని" అన్నాను. తిడతాడనుకున్నాను. అద్దం పెట్టె సంగతి అడుగుతాడనుకున్నాను.

ముసలాయన మొహం వెలిగిపోయింది. "నువ్వా! ముందే చెప్పలేదేమ్మా!" అని లేచి నిలబడ్డాడు. లోపలికి తిరిగి కేకేశాడు, "కోడలా, చూడు, ఈవిడ నా స్టూడెంటు! చెప్పిన పని చెప్పినట్టు చేసేది. క్లాసంతా ఈవిడ చేతిలో ఉండేది. ఒక్కసారి కూడా నాకు ఎదురు ప్రశ్న వెయ్యలేదు!"

"మా తమ్ముడు కూడా మీ దగ్గరే చదివాడు, నాలుగో తరగతి. వాడి మెడలో కాపీ పుస్తకం కట్టించారు" అన్నాను.

చాలాసేపు ఆలోచించాడు. నటించడం లేదు, నిజంగానే వెతుక్కున్నాడు. "నీకు తమ్ముడున్నాడా?" అన్నాడు.

తెచ్చిన కాపీ ఆయన చేతిలో పెట్టాను. ఆయనకి వాడు గుర్తే లేడు. ఎవరి మీద కక్ష తీర్చుకోను? నేను మాత్రం బాగా గుర్తున్నాను.

వచ్చేస్తుంటే పిల్ల మెట్ల దాకా వచ్చింది. "ఆంటీ, నా కాగితం మీ సొరుగులోనే ఉందట కదా. అమ్మ చెప్పింది. నేను ఇంకా ఏదో తప్పు చేశానేమో, అందుకే రాలేదనుకున్నా" అంది. ఏ తప్పూ చెయ్యలేదని చెప్పాను. నమ్మినట్టు లేదు.

ఇక నువ్వడిగిన కాగితం. ఇది తమ్ముడికి చదివి వినిపించు, ఎక్కడా మెత్తబరచకు.

తమ్ముడూ, బెజ్జం పెట్టింది నేనే. ముడేసింది నేనే. అయిదు గదులూ తిప్పింది నేనే. చివరి గదిలో గిల్లింది కూడా నేనే, ఎడమ చేతి మీద, మోచేతికి పైన. భయపడి చేశానని ఎన్నో ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది సగం అబద్ధం. మాస్టారు అందరిలో నన్ను పిలిచి పని చెప్పాడని గర్వపడ్డాను. గది గదికీ పిల్లలు నోళ్ళు మూసుకుని నా వంక చూస్తుంటే బాగుంది. నువ్వు మర్నాడు బడికి రానంటే అమ్మ కారణం అడిగింది. "మాస్టారు కొట్టాడు" అని చెప్పింది నేనే. ఆ అబద్ధం మీదే ఇంత చదువు చదివాను, ఈ ఉద్యోగం చేస్తున్నాను, నీలాంటి పిల్లల్ని రోజుకి నలుగుర్ని చూస్తున్నాను. నీ ఎదుట మాత్రం ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. తప్పు నాది. సంతకం చేస్తున్నాను.

మీ అక్క

మార్చి 2

వదినగారికి,

చదివి వినిపించాను. పెరట్లో పంపు విప్పుకుని కూర్చున్నారు. చేతులాగలేదు గానీ, స్పానరు అదే నట్టు మీద తిరుగుతూ ఉంది. అయిపోయాక "గిల్లింది కూడా రాసిందా?" అని అడిగారు. రాసిందన్నాను. "ఇంకోసారి చదువు" అన్నారు. చదివాను. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళారు. క్షమించానని రాయమనలేదు, నేనూ అడగలేదు. నా సంగతంటారా, నేను క్షమించలేదు.

నా తప్పు కూడా రాసుకుంటాను. రిపోర్టు పట్టి ఉంచమన్నది నేనే, గడువు మన పని సులువు చేసిందని సంబరపడ్డదాన్నీ నేనే. ఆ పిల్ల రెండు రోజుల్లో ఒక రోజు నాది. కానీ తాళంచెవి మీ చేతిలో ఉంది వదినా. నేను వద్దన్నా, కావాలన్నా, ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసింది మీరు.

ఇప్పుడు అసలు కబురు. మా పాప వరసలు తప్పుతోందని వాళ్ళ టీచరు పోయిన నెలే చెప్పింది. మేనత్త చేతిలో పని కదా, సెలవుల్లో మీ దగ్గరికి తీసుకొద్దామని అనుకున్నాను. తీసుకురావడం లేదు. పక్క ఊళ్ళో ఇలాంటి పరీక్షలు చేసే ఆవిడ ఒకరున్నారు, గురువారం రమ్మన్నారు. మీ తమ్ముడే తీసుకెళ్తున్నారు. బడి గుమ్మం తొక్కని మనిషి, లీవు కూడా పెట్టేశారు.

ముందుగా నింపి తెమ్మని నాలుగు పేజీల ఫారం పంపించారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. నిన్న పొద్దున కూర్చుని అట్టముక్కకి కిటికీలా కోసి, ఒక్కొక్క లైనే కనిపించేలా పెట్టుకుని, మధ్యాహ్నం దాకా తనే నింపారు. "కుటుంబంలో ఇంకెవరికైనా ఈ ఇబ్బంది ఉందా" అన్న చోట "నాకు" అని రాశారు. దాని కింద "వారికి చిన్నప్పుడు బడిలో ఏం జరిగింది, వివరంగా రాయండి" అని ఉంది. అక్కడ రెండే లైన్ల జాగా ఉంది. అది చాలదని మీ ఉత్తరం నకలు తీయించి పిన్ను కొట్టారు.

ఆ పరీక్ష చేసే ఆవిడ మీ పేరు చెప్పగానే గుర్తుపట్టారు. మీ దగ్గరే పని నేర్చుకున్నారట.

మీ మరదలు